తెల్లకోక కట్టిన బాటసారి

ఇసుక తిన్నెల మీదా, పత్తిచేల గట్ల మీదా, రోడ్డు పక్క ముళ్లకంపల మీదా... ఎక్కడ చూసినా కనిపించే తెల్ల సీతాకోకచిలుక అది. మరీ మామూలుది కావడంతో ఎవరూ ఆగి చూడరు. చూస్తే మాత్రం ఆ రెండంగుళాల రెక్కల వెనక ఓ ఘాటు రహస్యం ఉంది. దేశాలు దాటిన వలస కథ ఉంది. గర్భిణులు వేసుకునే మాత్రతో చుట్టరికం ఉంది. పురుగు దెబ్బ తిన్న పత్తిరైతు అనుమానమూ ఉంది!

చీరాల నుంచి వాడరేవుకు వెళ్లే దారి. లోపలి పల్లెల నల్లరేగడి ఎప్పుడో వెనకబడిపోయింది. ఇక్కడంతా ఇసుక నేల. దారికి అటూ ఇటూ తాళ్లు, సరుగుడు తోపులు, జీడిమామిడి తోటలు. ఆదివారమైతే చాలు... ఆటోలూ కార్లూ బస్సులూ అన్నీ సముద్రం వైపే. కార్తీకమాసంలో అయితే చెప్పనక్కర్లేదు. వచ్చిన వాళ్లందరి చూపూ అలల మీదే. ఆటోలోంచి పక్కకి చూస్తే కంచెల మీద తెల్ల కాగితం ముక్కలు ఎగురుతున్నట్టు ఉంటుంది. ఒకటి వాలుతుంది, రెండు లేస్తాయి. గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోతున్నట్టే ఉంటాయి కానీ, కాసేపు గమనిస్తే తెలుస్తుంది... వాటికో దారి ఉంది, ఓ పని ఉంది.

ఆ తెల్ల సీతాకోకచిలుకల్లో తరచూ కనిపించేది 'పయనీర్'. అంటే అందరికన్నా ముందు నడిచేది అని. 'కేపర్ వైట్' అని మరో పేరు. శాస్త్రీయ నామం బెలినోయిస్ అరోటా. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడూ, డెన్మార్క్‌కు చెందిన ప్రఖ్యాత కీటక శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ 1793లో దానికి అరోటా అని పేరు పెట్టాడు. మన పల్లెల్లో మాత్రం దానికి ప్రత్యేకంగా పేరేమీ లేదు. చిన్నదైనా పెద్దదైనా, తెల్లదైనా పచ్చదైనా అన్నీ సీతాకోకచిలుకలే. అయితేనేం... చీరలు నేసే చీరాల పక్కన తెల్లకోక కట్టుకు తిరిగే చిలుకకి ఇంకో పేరెందుకు!

పోల్చుకోవడం ఎలా?

రెక్కలు చాచితే అయిదు సెంటీమీటర్లు, ఇంకాస్త తక్కువా ఎక్కువా. పైన తెలుపు. ముందు రెక్కల కొసల్లో మాత్రం నల్లటి అంచు, అందులో తెల్లటి చుక్కలు. రెక్కలు ముడిచి వాలినప్పుడు చూడాలి దాని అసలు అందం. వెనక రెక్క అడుగుభాగంలో ఈనెలన్నీ ముదురు గోధుమరంగు గీతలుగా కనిపిస్తాయి. మధ్యలో లేత పసుపు. ఎవరో సన్నటి కుంచెతో ఆకు ఈనెల్ని గీసి వదిలినట్టుంటుంది. మగదానికి నల్ల అంచు సన్నగా ఉంటుంది. ఆడదానికి ఆ అంచు బాగా వెడల్పు. జరీ అంచు చీరకీ, మామూలు పంచెకీ ఉన్నంత తేడా!

ఎండెక్కితే తప్ప ఇవి బయటికి రావు. సీతాకోకచిలుక తన ఒంటి వేడిని తాను పుట్టించుకోవడం కన్నా ఎండ నుంచి తీసుకోవడమే ఎక్కువ. అందుకే పొద్దున్నే రెక్కలు ఎండకు పెట్టి కాచుకుంటుంది. ఒళ్లు వేడెక్కాక ఎగురుతుంది. మిట్టమధ్యాహ్నం మండిపోయే వేళ ఆకుల నీడకు చేరుతుంది. పొద్దువాలేసరికి ఏ ఆకు కిందో తలదాచుకుంటుంది.

గడ్డిచామంతి లాంటి చిన్న పూలన్నా, లాంటానా పూలన్నా దానికి ఇష్టం. గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉండే గొట్టంలాంటి నోటిని పువ్వులోకి చాపి తేనె పీలుస్తుంది. మగవాటికి ఇంకో అలవాటు కూడా ఉంది. తడిమట్టి కనిపిస్తే గుంపుగా వాలిపోతాయి. అది దాహం కాదు... ఉప్పు కోసం. పూలతేనెలో చక్కెర ఉంటుంది కానీ సోడియం లాంటి లవణాలు దాదాపు ఉండవు. తడి నేల నుంచి పీల్చుకున్న ఆ లవణాల్ని మగవి జతకట్టే వేళ ఆడదానికి అందిస్తాయి. అవి గుడ్లకు బలం. కట్నం ఇక్కడ మగవాడే ఇస్తాడన్నమాట!

అప్పటికే జతకట్టిన ఆడదాన్ని మరో మగది వెంటాడితే? ఈ తెల్లవాటి కుటుంబంలో ఆడది ఓ ఆకు మీద వాలి, రెక్కలు చాచి, పొట్ట చివరని నిటారుగా పైకెత్తుతుంది. 'నీ దారి నువ్వు చూసుకో' అని దానర్థం. మగది రెండుమూడు చుట్లు తిరిగి వెళ్లిపోతుంది.

ఆదొండ మీద పుట్టుక

ఆడ సీతాకోకచిలుక గుడ్లు పెట్టేందుకు చేసే వెతుకులాట చూడముచ్చటగా ఉంటుంది. ఒక్కో మొక్క దగ్గరికీ వెళ్తుంది. ఆకు మీద క్షణం వాలి, ముందు కాళ్లతో టకటకా తడుతుంది. నచ్చకపోతే లేచిపోతుంది. దానికి రుచి కాళ్లలో ఉంది మరి! కాళ్ల చివర ఉండే సన్నటి నూగు ఆకులోని రసాయనాల్ని పసిగడుతుంది. పిల్లలు తినగలిగే ఆకేనా కాదా అన్నది ఆ తట్టుడుతోనే తేల్చేస్తుంది.

ఆ పరీక్షలో నెగ్గేవి చాలా కొద్ది మొక్కలే. ముళ్లకంచెల మీద పాకే ఆదొండ, దాని చుట్టం నల్ల ఉప్పి, ఇంకా ఆ జాతి తీగలూ పొదలూ. ఆదొండని పల్లెవాసులకు పరిచయం చేయక్కర్లేదు. పులిగోళ్లలా వంకర తిరిగిన ముళ్లు జంటజంటలుగా ఉంటాయి. ఓసారి పంచెకి తగులుకుంటే చిరగనిదే వదలదు. ఎండాకాలం ముందు తెల్లగా పూసి, సాయంత్రానికి గులాబిరంగుకు తిరిగే పూలు. పొడుగాటి కేసరాలతో ఒక్కో పువ్వూ ఓ కుచ్చులా ఉంటుంది. పొలానికి కంచెగా దీన్ని మించింది లేదు. పశువు దూరదు, మనిషి దూరడు. తెల్ల సీతాకోకచిలుకకి మాత్రం అదే పుట్టిల్లు.

గుడ్లు విడివిడిగా కాదు, పక్కపక్కనే గుంపుగా పెడుతుంది. నిలబెట్టిన చిన్నచిన్న సీసాల్లా, నిలువు గీతలతో ఉంటాయవి. కొద్దిరోజుల్లో పిల్ల పురుగులు బయటికొస్తాయి. గుంపుగా పుట్టినవి గుంపుగానే తింటాయి. ఆకు అంచున వరస కట్టి, బంతిలో కూర్చున్న పెళ్లివారిలా! ఒంటి చర్మం బిగుతైనప్పుడల్లా దాన్ని విడుస్తాయి. అలా నాలుగుసార్లు కుబుసం విడిచి అయిదో దశకొచ్చేసరికి ఆకలి పెరిగిపోతుంది. వానల తరువాత సంఖ్య ఎక్కువైనప్పుడు ఒక్క ఆకూ మిగల్చవు. పొద మొత్తం పుల్లలే. చూసినవాళ్లు చచ్చిపోయిందనుకుంటారు కానీ ఆ మొండి మొక్క మళ్లీ చిగురిస్తుంది. వేల ఏళ్లుగా ఇద్దరికీ ఉన్న ఒప్పందం అది.

కడుపు నిండిన పురుగు ఓ కొమ్మనో ఆకునో ఎంచుకుంటుంది. తోకని పట్టుతో అంటించుకుంటుంది. నడుము చుట్టూ ఓ పట్టుదారం కట్టుకుని, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు మోకుకి ఆనుకున్నట్టు వెనక్కి వాలుతుంది. చివరిసారి చర్మం విడిచి ప్యూపాగా మారుతుంది. లోపల పురుగు అవయవాలు చాలావరకూ కరిగి, కొత్త ఒళ్లు తయారవుతుంది. ఓ పొద్దున ఆ పెంకు చిట్లి, నలిగిన గుడ్డపేలికలాంటి రెక్కలతో సీతాకోకచిలుక బయటికొస్తుంది. ఒంట్లోని ద్రవాన్ని రెక్కల ఈనెల్లోకి తోసి వాటిని సాగదీస్తుంది. కాసేపు ఆరబెట్టుకుంటుంది. అంతే, ఎగిరిపోతుంది. గుడ్డు నుంచి రెక్కలదాకా వాతావరణం అనుకూలిస్తే నెల లోపే. ఆ తరువాతి బతుకు కూడా వారాల్లోనే లెక్క.

అదీ అన్ని గండాలూ గడిస్తేనే! గుడ్ల దశ నుంచే శత్రువులు. గుడ్లలో గుడ్లు పెట్టే అతిచిన్న కందిరీగలు, పురుగు ఒంట్లో తన పిల్లల్ని పెంచే మరో రకం కందిరీగలు, సాలీళ్లు, తొండలు, కరెంటు తీగ మీద కాపు కాసే పసులపోలిగాడు. అంత పెద్ద గుంపులో చివరికి రెక్కలు వచ్చేది ఏ కొన్నింటికో.

ఘాటు గుట్టు

ఇంతకీ ఆదొండ మీదే ఎందుకా ప్రేమ? జవాబు మన పోపులపెట్టెలో ఉంది. ఆవపిండి నీళ్లలో కలిపితే ముక్కుకి అంటే ఘాటు తెలుసుగా... విడిగా ఉన్న ఆవగింజకి ఆ ఘాటు ఉండదు. ఆవగింజలో ఒకచోట గ్లూకోసినోలేట్ అనే పదార్థం, మరోచోట ఓ ఎంజైమూ వేరువేరుగా ఉంటాయి. గింజ నలిగితే రెండూ కలుస్తాయి. ఘాటైన ఆవనూనె పుడుతుంది. తుపాకీ మందూ నిప్పూ వేరువేరు గదుల్లో దాచినట్టు! మొక్కకి అది ఆయుధం. కొరికిన పురుగు ఆ విషానికి చావాలి లేదా పారిపోవాలి. ఆవ, క్యాబేజీ, ముల్లంగి కుటుంబానికీ, ఆదొండ కుటుంబానికీ, వామింటకీ ఉమ్మడి ఆస్తి ఈ ఘాటు.

అన్ని పురుగులూ దూరంగా జరిగిపోయినచోట తెల్ల సీతాకోకచిలుకల పూర్వీకులు మాత్రం దానికి విరుగుడు కనిపెట్టాయి. వాటి పురుగుల పేగుల్లో ఓ ప్రత్యేకమైన ప్రొటీన్ ఉంటుంది. ఘాటు నూనె తయారయ్యేలోపే అది రసాయన చర్యని పక్కదారి పట్టించి, అంతగా హాని చేయని పదార్థంగా మార్చేస్తుంది. క్యాబేజీ తెల్ల సీతాకోకచిలుక మీద జరిపిన పరిశోధనల్లో 2004లో ఈ సంగతి బయటపడింది. అంతకు చాలాముందే, 1910లో వెర్షాఫెల్ట్ అనే డచ్ శాస్త్రవేత్త మరో విచిత్రం చూపించాడు. మామూలుగా ముట్టని ఆకులకు ఆవ జాతి మొక్కల పదార్థం పూస్తే ఈ జాతి పురుగులు వాటినీ ఇష్టంగా తిన్నాయి. తరిమేయడానికి మొక్క పెట్టుకున్న ఘాటే వీటికి భోజనానికి పిలుపు అయింది! 1964లో అమెరికన్ శాస్త్రవేత్తలు పాల్ ఎర్లిక్, పీటర్ రావెన్ మొక్కలూ సీతాకోకచిలుకలూ ఒకదానికొకటి ఎత్తుకు పైఎత్తు వేసుకుంటూ పరిణామం చెందాయని చెప్పిన ప్రసిద్ధ సిద్ధాంతానికి ఇలాంటి జతలే ఆధారం.

ఈ ఘాటు కథకీ, గుంటూరు - ప్రకాశం పొలాలకీ దగ్గరి సంబంధం ఉంది. పత్తి మొక్కలో ఈ గ్లూకోసినోలేట్లు లేవు. మిరపలోనూ లేవు. మిరప కారం వేరు, ఆవ ఘాటు వేరు. అంటే, పత్తిచేలో మిరపచేలో తిరిగే ఈ తెల్ల సీతాకోకచిలుక అక్కడ గుడ్లు పెట్టదు. పెట్టినా దాని పిల్లలు ఆ ఆకుల మీద బతకలేవు. అది వచ్చింది గట్టు మీది పూల కోసం, కంచెలోని ఆదొండ కోసం.

రైతు అనుమానం

అయినా రైతు దాన్ని అనుమానంగానే చూస్తాడు. చూడడానికి కారణమూ ఉంది. పురుగు పేరు చెబితే ఉలిక్కిపడే నేల ఇది. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ కమ్మేసింది. కొత్తగా వచ్చిన ఘాటైన మందుల్ని కొట్టినకొద్దీ తెల్లదోమ తగ్గలేదు, పెరిగింది. దాని శత్రు కీటకాలు ముందు చచ్చిపోవడమే అందుకో కారణమని శాస్త్రవేత్తలు తరువాత తేల్చారు. ఆ వెనకే శనగపచ్చ పురుగు. 1987-88 నాటికి అప్పుల్లో మునిగిన పత్తిరైతుల ఆత్మహత్యలు ప్రకాశం, గుంటూరు జిల్లాల్ని కుదిపేశాయి. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చాక కాయతొలుచు పురుగు బెడద కొన్నేళ్లు తగ్గింది కానీ, గులాబిరంగు పురుగు దాన్నీ తట్టుకుని తిరిగొచ్చింది. 2021లో మిరప వంతు. నల్లతామర పురుగు పూతలోకి దూరి తోటలకు తోటల్నే ఎండగట్టింది. పెట్టుబడి పోయిన రైతుకి రెక్కలున్న ప్రతిదీ దొంగలాగే కనిపిస్తే తప్పుపట్టగలమా?

కానీ దొంగని పట్టాలంటే ముందు పోల్చుకోవాలి. పత్తికాయ తొలిచే శనగపచ్చ పురుగు, గులాబిరంగు పురుగు, ఆకులు జల్లెడ చేసే పొగాకు లద్దెపురుగు... వీటిలో ఒక్కటి కూడా సీతాకోకచిలుక పిల్ల కాదు. వాటి తల్లులు రాత్రిళ్లు తిరిగే రెక్కల పురుగులు. గోధుమ, బూడిద రంగుల్లో ఉంటాయి. పగలు ఆకుల చాటున నక్కి, చీకటిపడ్డాక గుడ్లు పెట్టి పోతాయి. తెల్లదోమ పేరులో తెలుపున్నా దానికీ సీతాకోకచిలుకకీ ఏ బంధుత్వమూ లేదు. అది రసం పీల్చే పురుగు. మిల్లీమీటరు పొడవే ఉంటుంది. తామర పురుగూ అంతే.

తేడా కనిపెట్టడం తేలికే. సీతాకోకచిలుక మీసాల చివర అగ్గిపుల్ల తలలాంటి చిన్న గుండ్రటి ఉబ్బు ఉంటుంది. రెక్కల పురుగు మీసాలు దారంలా సన్నగానో, దువ్వెనలానో ఉంటాయి. వాలినప్పుడు సీతాకోకచిలుక సాధారణంగా రెక్కల్ని వీపు మీద నిలువుగా మూస్తుంది. రెక్కల పురుగు పాకకప్పులా పరుస్తుంది. పగలు తిరిగేది ఒకటి, రాత్రి తిరిగేది ఒకటి. లింగాకర్షక బుట్టలో పడే తల్లి పురుగుల్ని చూసి ఉధృతి అంచనా వేసే రైతుకి ఈ లెక్క కొత్తేమీ కాదు.

అయితే ఈ తెల్ల కుటుంబంలో అందరూ అమాయకులేం కాదు. ఉత్తర భారతంలో క్యాబేజీ, కాలీఫ్లవర్ తోటల్ని గుంపులుగా తినేసేది దీని చుట్టమైన పెద్ద క్యాబేజీ సీతాకోకచిలుకే. ఐరోపాలో, అమెరికాలో కూరగాయల రైతులకు చిన్న క్యాబేజీ సీతాకోకచిలుక పాత శత్రువు. మన మైదానాల్లో క్యాబేజీకి అసలు బెడద మాత్రం వజ్రపు గుర్తుండే ఓ చిన్న రెక్కల పురుగుతో. ఇక్కడి పయనీర్‌కి తోటలతో పేచీ లేదు. దాని కొట్లాటంతా ఆదొండతోనే.

ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది సీతాకోకచిలుక ఒక్కటే కాదు. గట్ల మీద, కంచెల మీద కూడా మందు పడితే తేనెటీగలు పోతాయి. పురుగుల ఒంట్లో గుడ్లు పెట్టే కందిరీగలు పోతాయి. సాలీళ్లు, అక్షింతల పురుగులు పోతాయి. అవన్నీ కూలి అడగకుండా చేలో పనిచేసే వాళ్లు. 1980ల్లో తెల్లదోమ నేర్పిన పాఠమే అది. గుంటూరు లాం ఫారం శాస్త్రవేత్తలైనా, 1945 నుంచి ఉన్న బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకున్న అధికారులైనా రైతుకి చెప్పే సస్యరక్షణ సూత్రం ఒకటే... పురుగుని గుర్తించు, లెక్కపెట్టు, మోతాదు దాటితేనే మందు కొట్టు. జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, వేపగింజల కషాయం, గట్టు మీద ఎరపంటగా ఆముదం, బంతి... ఇవన్నీ ఆ సూత్రంలోవే.

రెక్కల తెలుపు, సుబ్బారావు మాత్ర

ఈ రెక్కల తెలుపు కూడా మామూలు తెలుపు కాదు. సీతాకోకచిలుక రెక్క పట్టుకుంటే వేలికి పొడి అంటుతుంది. అది పొడి కాదు, పెంకుల్లా వరసగా పేర్చిన సూక్ష్మమైన పొలుసులు. తెల్ల, పసుపు సీతాకోకచిలుకల కుటుంబంలో ఆ పొలుసుల్లో టెరిన్లు అనే రసాయనాలుంటాయి. రెక్కకి గ్రీకుభాషలో ఉన్న మాట నుంచే వాటికా పేరు. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ హాప్కిన్స్, విటమిన్ల పరిశోధనకు 1929లో నోబెల్ అందుకున్నాయన, 19వ శతాబ్దం చివర్లో తన తొలి పరిశోధనల్ని ఈ రెక్కల రంగు మీదే చేశాడు. 1920ల్లో జర్మనీలో హైన్రిచ్ వీలాండ్, క్లెమెన్స్ షాఫ్ వేలకు వేల రెక్కల నుంచి తెల్లరంగునీ పసుపురంగునీ వేరుచేశారు. వాటి నిర్మాణం పూర్తిగా తేలేసరికి 1940 వచ్చింది.

ఇక్కడే మన భీమవరం బిడ్డ వస్తాడు! 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తూ 1945లో తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించాడు. ఆ ఆమ్లం అణువులో ఓ భాగం అచ్చం టెరినే. సీతాకోకచిలుక రెక్కల్లో దొరికిన ఆ వలయమే విటమిన్‌లోనూ కనిపించింది. రెక్కల మీద అంతకుముందు జరిగిన పని, దాన్ని పోల్చుకోవడానికి సాయపడింది. అందుకే ఫోలిక్ ఆమ్లం రసాయన నామంలోనూ 'టెరో' అని రెక్క పేరు ఉంటుంది. ఆ వెనకే సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుగుళ్లు తయారుచేసింది. వాటిలో అమినోటెరిన్‌తో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్తక్యాన్సర్‌ని తాత్కాలికంగా అదుపు చేయగలిగాడు. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఇప్పటికీ క్యాన్సర్‌కీ, కీళ్లవాతానికీ వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ కుటుంబంలోదే.

పల్లెలో గర్భిణికి ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రకీ, కంచె మీద వాలిన తెల్ల సీతాకోకచిలుకకీ రసాయన బంధుత్వం ఉందంటే నమ్మగలమా... నమ్మాలి మరి!

ఆ టెరిన్లు సీతాకోకచిలుకలకు ఇంకోరకంగానూ ఉపయోగమే. అవి మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటాయి. సీతాకోకచిలుక కళ్లు మాత్రం ఆ కాంతిని చూడగలవు. జపాన్‌లోని క్యాబేజీ సీతాకోకచిలుకల్లో మగదాని రెక్కలు ఆ కాంతిని బాగా పీల్చుకుని చీకటిగానూ, ఆడదాని రెక్కలు వెనక్కి తిప్పికొట్టి వెలుగుతూనూ ఉంటాయని పరిశోధకులు గుర్తించారు. మనకి రెండూ తెలుపే. వాటికి మాత్రం ఎవరు ఎవరో దూరం నుంచే తెలిసిపోతుంది.

తిరిగిరాని ప్రయాణం

పయనీర్ ఒక్కచోట ఉండే జీవి కాదు. ఆఫ్రికా నుంచి అరేబియా మీదుగా భారతదేశం, శ్రీలంకల దాకా ఉందంటే ఆ రెక్కల బలం ఎంతో ఊహించుకోవచ్చు. ఆఫ్రికాలో దీన్ని 'బ్రౌన్ వెయిన్డ్ వైట్' అంటారు. అంటే గోధుమరంగు ఈనెల తెల్లది అని. దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వీటి వలస పెద్ద వేడుక. ఎండిన కరూ, కలహరి ప్రాంతాల్లో ఆదొండ చుట్టమైన షెపర్డ్స్ చెట్టు ఆకులు తిని పెరిగినవి లక్షలుగా లేచి, నగరం మీదుగా ఈశాన్యం వైపు, మొజాంబిక్ దిశగా సాగిపోతాయి. వీధుల్లో, పార్కుల్లో తెల్లపూల వాన కురిసినట్టు ఉంటుంది. కార్ల రేడియేటర్లు వాటితో పూడుకుపోతాయి. గమ్యం దాకా చేరనివే ఎక్కువ. చేరినవీ తిరిగిరావు.

మరెందుకు వెళ్తాయి? మంచి వానలకు మొక్కలు చిగురిస్తాయి. పురుగులు పెరుగుతాయి. రెండుమూడు తరాలు వెంటవెంటనే పుట్టుకొచ్చేసరికి ఉన్న పొదలన్నీ పుల్లలవుతాయి. ఇక అక్కడే ఉంటే పిల్లలకి ఆకు దొరకదు. కొత్త చిగురు వెతుక్కుంటూ కదలడమే మిగిలిన దారి. పనులు లేని కాలంలో మూటాముల్లె కట్టుకుని మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వలసవచ్చే కూలీలకి ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మనదేశంలోనూ పయనీర్, దాని చుట్టాలైన ఎమిగ్రెంట్లూ వానల తరువాత గుంపులుగా ఒకే దిక్కుకి సాగడం పాతకాలం నుంచీ ప్రకృతి పరిశీలకులు రాసిపెట్టిన సంగతే. ఒకదాని వెనక ఒకటి, తాటిచెట్టు అడ్డొస్తే దాని మీదుగా, ఇల్లు అడ్డొస్తే కప్పు మీదుగా... దారి మాత్రం మారదు.

ఇంకెవరున్నారు?

తెల్లగా ఉన్నవన్నీ పయనీర్లు కావు. ఈ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద వెయ్యికి పైగా జాతులున్నాయి. పిల్లలకు ఇది మంచి ఆట. సెలవురోజు వీటిలో ఎన్నింటిని పోల్చగలరో చూడండి.

* సైకీ: బాగా చిన్నది. ముందు రెక్క మీద ఒక్కో నల్లచుక్క. నేలకి జానెడు ఎత్తులో, ఎక్కడ పడిపోతుందో అన్నట్టు మెల్లగా ఎగురుతుంది.

* కామన్ గల్: పయనీర్‌కి దగ్గరి పోలిక. దీని పిల్లలకీ ఆదొండ జాతి ఆకులే కావాలి.

* మాటిల్డ్ ఎమిగ్రెంట్: ఆకుపచ్చ ఛాయ కలిసిన తెలుపు. పెద్దది, వేగంగా ఎగురుతుంది. తంగేడు మీద గుడ్లు పెడుతుంది. బతుకమ్మ పూల మొక్కే దీని పిల్లల అన్నం.

* కామన్ జెజెబెల్: పైన తెలుపు, కింద పసుపు, అంచున ఎరుపు. చెట్ల తలల మీద ఎగురుతుంది. మామిడిచెట్ల మీద పెరిగే బదనికే దీని పిల్లలకి ఆహారం.

* వైట్ ఆరెంజ్ టిప్: తెల్లరెక్క కొసన నారింజ రంగు. ఒక్కసారి చూస్తే మరిచిపోలేం.

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు సి.సుబ్బారెడ్డి, ఆయన సహచరులు తూర్పు కోస్తాలోని సీతాకోకచిలుకల జీవిత చక్రాల మీదా, అవి వాలే పూల మీదా ఏళ్లతరబడి పనిచేశారు. ఏ జాతికి ఏ మొక్క కావాలో తెలిస్తేనే దాన్ని కాపాడుకోగలమన్నది అలాంటి పరిశోధనల సారాంశం.

కంచె ఉంటేనే...

తెల్ల సీతాకోకచిలుక అంతరించిపోయే జాతి కాదు. ఇప్పటికీ మామూలుదే. కానీ మామూలువే మాయమయ్యేది ఎవరూ గమనించకుండా. దానికి అడవి అక్కర్లేదు, అభయారణ్యం అక్కర్లేదు. ఓ ముళ్లకంచె చాలు. ఆ ముళ్లకంచెలే ఇప్పుడు తగ్గిపోతున్నాయి. ఆదొండ, ఉప్పి అల్లుకున్న పాత కంచెల స్థానంలో ఇనుపతీగలూ, సిమెంటు స్తంభాలూ, ప్రహరీగోడలూ వస్తున్నాయి. గట్లు సన్నబడుతున్నాయి. మిగిలిన గట్ల మీద కలుపుమందు పడుతోంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా అయిన బాపట్లకి వాడరేవు తీరం పెద్ద ఆకర్షణ. వాడరేవుని చీరాల, చిలకలూరిపేట, నరసరావుపేటల మీదుగా పిడుగురాళ్లతో కలిపే రహదారి ఇప్పుడు జాతీయ రహదారి. రోడ్లు రావాలి, జనం రావాలి. రోడ్డు పక్క కంప మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. ఆ కంపే ఒకరి పుట్టిల్లన్న సంగతి గుర్తుంటే, దాన్ని కొంచెం పక్కకి జరిపి మళ్లీ బతికించడం పెద్ద ఖర్చేమీ కాదు.

రైతు చేయాల్సిందీ పెద్దగా లేదు. పొలం మూల ఉన్న ఆదొండ పొదని ఉండనివ్వడం. మందు కొట్టేటప్పుడు కంచె వైపు గొట్టం తిప్పకపోవడం. గట్టు మీది గడ్డిచామంతిని నాలుగు రోజులు పూయనివ్వడం. బడిలో అయితే పిల్లలు ఓ మూల ఆదొండనో తంగేడునో పెంచొచ్చు. పాఠ్యపుస్తకంలో బొమ్మగా చూసే గుడ్డు, పురుగు, ప్యూపా, సీతాకోకచిలుక... నాలుగూ కళ్లముందే నెల తిరక్కుండా కనిపిస్తాయి. అంతకన్నా మంచి సైన్సు ప్రయోగశాల ఏముంటుంది?

ఈసారి వాడరేవు వెళ్లినప్పుడు అలలు ఎలాగూ చూస్తారు. దారిలో ఓ కంచె పక్కన అయిదు నిమిషాలు ఆగి చూడండి. ఆకు మీద కాళ్లతో టకటకా తట్టి చూసుకునే ఓ తెల్ల సీతాకోకచిలుక కనిపించొచ్చు. పిల్లల్ని ఏ ఇంట్లో వదిలితే కడుపు నిండా తింటాయో వెతుక్కుంటున్న తల్లి అది. దాని కోసం ఒక్క ఆదొండ తీగని ఉంచితే చాలు!